లెక్క తప్పని చేయి

హైదరాబాద్, 8-7-2019

ప్రియమైన మల్లీశ్వరీ,

ఫోన్ చేస్తే అరుస్తానేమోనని ఉత్తరం రాస్తున్నాను. చీర దారాన్ని మేకుల మీద పోసే ఆసు యంత్రం వచ్చాక పోచంపల్లి ఆడవాళ్ళ ఒంటికి ఎంత సుఖం దొరికిందో చూడాలని మీ పన్నెండుమందికి చేతి కదలికలు, గుండె చప్పుడు లెక్కపెట్టే మణికట్టు పట్టీలు ఇచ్చాం కదా. పదకొండుమంది చేతులు నెమ్మదించాయి. నీది మాత్రం మేకుల మీద చేత్తో దారం పోసినట్టే, చీరకు తొమ్మిదివేలసార్లు ఆడుతోంది! యంత్రం అమ్ముకున్నావా? మా పరిశోధన సారు అదే అడుగుతున్నారు. యంత్రాలు వాడటం లేదని రిపోర్టులో పడితే, ఇంకా చేత్తోనే ఆసు పోస్తున్న నలభైమందికి రావలసినవి ఆగిపోతాయి. బడిలో నా పక్కన కూర్చున్నదానివి, నిజం చెప్పు.

నీ అతియా

పోచంపల్లి, 11-7-2019

అతియా,

"ప్రియమైన" అని రాయను, కోపంగా ఉంది. యంత్రం నట్టింట్లో తిరుగుతూనే ఉంది. నలభైఏళ్ళు ఆసు పోసి పోసి మా అత్త సోమమ్మ భుజం పైకి లేవకుండా పోయింది. అది రోజూ చూస్తూ యంత్రం అమ్ముకుంటానా? నీ పట్టీకే పిచ్చి పట్టినట్టుంది.

మల్లీశ్వరి

పోచంపల్లి, 17-7-2019

ప్రియమైన అతియా,

తప్పు నాదే. దారం చిక్కుకుంటోందని మొదటిరోజే పట్టీ తీసి అత్త చేతికి పెట్టాను. కళ్ళకు పొరలు కమ్మి చూపు పోయిన మనిషి, ఊరికే కూర్చుంటుంది, ఆ చేతికి ఏం లెక్క ఉంటుందిలే అనుకున్నాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

నిన్న మంగళవారం యంత్రం నడుస్తుంటే అత్త కేకేసింది. "ఆపు బిడ్డా, ఒక పోగు తప్పింది!"

ఆపి చూశాను. నిజంగానే ఒక మేకు మీద పోగు లేదు.

"గది నీకెట్ల ఎరుకైంది అత్తా?"

"నా చెయ్యి ముంగటికి పోయింది. మిషన్ ఎనకవడ్డది."

అప్పుడు చూశాను అతియా. భుజం కదలదు. ఒళ్ళో మణికట్టు ఒక్కటే యంత్రం చప్పుడుతో పాటు అటూ ఇటూ ఆడుతోంది. యంత్రం వచ్చిన ఈ రెండేళ్ళూ పక్కనే ఉండి ఒక్కరోజూ గమనించలేదు. నా వల్ల ఆ నలభైమందికి అన్యాయం జరుగుతుందా?

నీ మల్లి

హైదరాబాద్, 24-7-2019

ప్రియమైన మల్లీ,

ఫికర్ చేయకు. కొత్త పట్టీ పంపుతున్నాను. దారం తగలకుండా పైన గుడ్డ చుట్టుకుని వారం రోజులు నువ్వే పెట్టుకో. నీ లెక్క వచ్చాకే రిపోర్టు రాస్తామని సారు ఒప్పుకున్నారు. నలభైమందిలో ఎవరికీ నష్టం లేదు.

సోమమ్మ అవ్వ పట్టీ లెక్కను, నువ్వు రోజూ పుస్తకంలో రాసుకునే యంత్రం మీటరు లెక్క తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాను. ఇరవై రోజులు. నువ్వు రాసిన ఆ మంగళవారం తప్ప ఎక్కడా తేడా లేదు. ఆ రోజు తేడా ఒకటి. అది యంత్రానిదే తప్పు.

సారు ఆ లెక్కను మళ్ళీ మొదటినుంచి వేయించారు. యంత్రం తిరిగే గంటల్లో అవ్వ గుండె మీ అందరి గుండెలకన్నా నెమ్మదిగా కొట్టుకుంది మల్లీ. యంత్రం ఆమె నొప్పినే తీసుకుంది, పనిని తీసుకోలేకపోయింది. ఇన్నేళ్ళు చదివిన నాకు ఇది తట్టనేలేదు.

మా సర్వే పట్టికలో అవ్వ పేరు వెతికాను. "పని మానేసినవారు" అన్న గడిలో ఉంది. నేను రాసిందే. కొట్టేశాను.

ఆ చేతికి నా సలాం చెప్పు. పాత పట్టీ అవ్వకే ఉంచు.

నీ అతియా