బిడ్డ చాయ్ అడిగింది

శంషాబాద్

చెల్లె రేణుకమ్మకు,

మన సుమలత మాట్లాడింది. పక్షవాతంతో మాట పోయిన రెండేళ్లకు నా బిడ్డ కంప్యూటర్‌లో బటన్ నొక్కి "బాపు, జర చాయ్ పెట్టు" అన్నది. నా సంతోషం ఎంతని రాయను.

దవాఖానలో చూపించిన మొదటి రెండు సాఫ్ట్‌వేర్లు "తండ్రిగారూ, తేనీరు కావలెను" అన్నాయి. బిడ్డ ముఖం తిప్పుకుంది. మూడోదాంట్లో మన మాటలు మన గొంతుతోనే రికార్డు చేసి నింపుకోవచ్చు. ఇంట్లో ఇంకెవరున్నారు, నేనే నింపాను. విమానాల మోత కూడా పడింది. ఇప్పుడు నా గొంతే నన్ను బాపు అని పిలుస్తోంది. నువ్వు వచ్చి నాలుగు రోజులుండు, ఆడగొంతుతో నింపుదువు.

సుమలతకు మాట రాదని ఫోన్లు మానేసినవాళ్లకు చెప్పు, ఫోన్ చేసి అది బటన్ వెతుక్కునేదాకా జర ఆగమను. పాల్మాకుల వదినకు, నీ పిల్లలు శ్రావణ్‌కు, కళ్యాణికి, సుమలతను నా దగ్గర దింపిపోయిన అల్లుడు నవీన్‌కు కూడా.