ఎలుకకి పెట్టిన మనిషి తలుపు

అక్కకి,

నువ్వూ బావా పాపా కులాసా అని తలుస్తాను. నా కులాసా సంగతి చివర్లో రాస్తాను. ఈ కాగితం గది దాటకూడదట. అద్దానికి ఆనిస్తే నర్సమ్మ అవతల నుంచి ఫోటో తీసి నీకు పంపుతానంది.

"ఎలుకల బోన్లు కడగడానికి అంత ముసుగెందుకురా?" అని అడిగావు. మామూలు ఎలుకలకి మా ల్యాబులో పరిశోధిస్తున్న ఈ వైరస్ అంటదు. మన కణాల పైపొర మీద తలుపులాంటి ఒక ప్రోటీన్ ఉంటుంది. అది ఉన్నది ఒంటికి అవసరమైన వేరే పనికి. వైరస్ తన ఒంటి మీది ముల్లుని దానికి తగిలిస్తుంది, కణమేమో తన సరుకే అనుకుని లోపలికి లాక్కుంటుంది. ఎలుకలో ఆ ప్రోటీన్ ఆకారం వేరు, ముల్లు పట్టదు. అందుకని ల్యాబు వాళ్లు మనిషి ప్రోటీన్ ఉన్న ఎలుకల్ని పుట్టించారు. మన రోగం మన బదులు పడటానికి. ఇదంతా నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాళ్లు పారేసిన పుస్తకాలు కూడబలుక్కుని చదివాను.

వాటిలో ఒకటి నన్ను కొరికింది. గ్లవ్స్ చిరిగాయి మార్చమని మొత్తుకుంటూనే ఉన్నాను. సూపర్‌వైజర్ నా వేలు చూసి, "పులేం కాదుగా. ప్లాస్టర్ వేసుకుని మీ అక్క దగ్గరికి పోయిరా, సెలవిస్తున్నా. నోరు విప్పావో, ల్యాబుకి తాళం పడుతుంది, అందరి పొట్టా కొట్టినవాడివవుతావు" అన్నాడు. అదే వాడి వేలైతే ఈపాటికి ఊరంతా అంబులెన్సులే.

పాప ముక్కు అచ్చం మేనమామదే అని రాశావు. ముక్కు సంగతి నాకు తెలియదు గానీ, ఆ ప్రోటీన్ మాత్రం దానికీ ఉంది.

నీకు ఇప్పటిదాకా చెప్పనిది ఇదే. నేను బస్సెక్కాను. అన్నీ తెలిసే ఎక్కాను. పాపని ఎత్తుకోవాలనిపించింది, అంతే. ఎత్తుకోగానే అది నా వేలే కదా నోట్లో పెట్టుకునేది అని సగం దారిలో తట్టింది. అక్కడే దిగి, నేరుగా ఆసుపత్రికొచ్చి జరిగిందంతా చెప్పేశాను.

పొద్దుటి నుంచి జ్వరం. ఊపిరి బరువుగా ఉంది. అమ్మకి చెప్పకు, బావని పంపకు.

దిగిపోయినందుకు నన్ను మెచ్చుకోకు. బస్సులో నా పక్కనున్న పెద్దాయన దారి పొడుగునా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నేను లేస్తుంటే మెలకువొచ్చి, "జాగ్రత్త నాయనా" అన్నాడు. ఆయన కోసం వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు