ఆదివారం పసరు

జూన్ 24, మంగళవారం. ఉదయం 5.10

పెద్దింట్లమ్మ చనిపోయింది. ఆరేళ్లు. మా పిన్ని కూతురు మహాలక్ష్మి బిడ్డ. రాత్రి బందరు ఆసుపత్రికి తెచ్చేసరికి హిమోగ్లోబిన్ మూడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. కామెర్లనుకుని దివిసీమలో పసరు పోయించారు. పథ్యం నడుస్తుండగా ఒంటిమీద సూది పడకూడదట. అందుకే ముందే రక్తపరీక్ష చేయించలేదు.

మధ్యాహ్నం

రిపోర్టు వచ్చింది. ఫాల్సిపారం మలేరియా. ఎర్రకణాలు పగిలిపోయాయి, లివర్ దెబ్బతింది, పచ్చదనం అందుకేనని డాక్టర్ మాధవి గారు చెప్పారు. ఊరు దాటి వెళ్లారా అని రాత్రి అడిగితే లేదన్నారట. మహాలక్ష్మి మొగుడు ఏడుకొండలుని మళ్లీ అడిగాను. సముద్రంలో వేట నిషేధం ఉన్నన్నాళ్లూ ఏజెన్సీకి వెళ్లి శబరి నదిలో వలలేశారు. పిల్లలు దోమతెర లేకుండా ఇసుక మీదే పడుకున్నారు. ఏటా వెళ్లేదేగా అన్నాడు.

"జొరం ఇంటికొచ్చాకే కదా బావా వచ్చింది."

జూన్ 25

పాతిపెట్టి వచ్చాం. వెంట ఇంకెవరి పిల్లలు వెళ్లారని అడిగాను. వాళ్లతో వేటకెళ్లిన జకరయ్య కూతురు నిస్సీ ఒక్కతేనట. దానికీ కళ్లు పచ్చబడితే పసరు మొదలుపెట్టారు.

జూన్ 26

జకరయ్య ఇంటికి వెళ్లాను. నిస్సీ ఉప్పులేని జావ ముందు కూర్చుంది. ఆవకాయ తెచ్చావా అని అడిగింది. నవ్వితే చిగుళ్లు తెల్లగా ఉన్నాయి. తల్లి రాహేలు ఆసుపత్రికి సిద్ధమే. జకరయ్య ఒప్పుకోలేదు.

"పథ్యంలో సూది పొడవబట్టే ఆ పిల్ల పోయిందండీ. ఆదివారం మూడో మోతాదు పడనివ్వండి. నేనే తీసుకొస్తాను."

ఊరంతా అదే మాట.

జూన్ 27

ఆదివారం దాకా ఆగితే ప్రాణానికే ముప్పన్నారు మాధవి గారు. హెల్త్ సెంటర్ నుంచి మలేరియా పరీక్ష కిట్‌తో మనిషిని పంపించారు. వేలి మీద ఒక్క చుక్క చాలన్నాడు. అదీ సూదేనని జకరయ్య తలుపేశాడు.

సాయంత్రం రాహేలు ఫోన్. నిస్సీ మూత్రం డికాషన్ రంగులో వస్తోంది.

జూన్ 28, శనివారం

నిస్సీ లేవడం లేదు. పిలిస్తే కళ్లు తెరిచి మూసేస్తోందట. మందు పట్టిందని జకరయ్య అందరికీ చెబుతున్నాడు. గుమ్మం వదలడం లేదు.

రేపు ఆదివారం. తెల్లవారుజామున నాలుగింటికి పసరు తేవడానికి వెళ్తాడు. రాహేలు అంబులెన్స్‌ని నాలుగుంబావుకి రమ్మంది.