స్టీరింగ్‌లో గాలి

మార్చి 3, మంగళవారం

పడవ తాళం మామయ్యగారి దగ్గర్నుంచి తీసేసుకుని పది రోజులైంది. ముప్ఫై ఏళ్ళు నడిపిన మనిషి ఒక్క వారంలో మూడుసార్లు రేవు గోడకి గుద్దారు. స్టీరింగ్ లూజుగా ఉందన్నారు. ఆడలేక మద్దెల ఓడంటున్నారని నేనే అందరి ముందూ నవ్వాను. ఇల్లరికపు అల్లుడికి నోరెక్కువ. అప్పట్నుంచి ట్రిప్పులన్నీ నావే. నడుం పడిపోతోంది.

మార్చి 5, గురువారం. సాయంత్రం 6

స్టీరింగ్ అర చుట్టు తిప్పినా పడవ తిరగలేదు. ఎనిమిదిమంది ప్యాసింజర్లు. రివర్స్ వేసి, గోడ ఇంకా జానెడుందనగా ఆపాను. మొదటి రోజు నుంచీ కాస్త వదులుగానే అనిపించింది. నాకు అలవాటు లేక అనుకున్నాను.

మద్దెల నిజంగానే ఓడు.

మార్చి 6, శుక్రవారం

ట్రిప్పులు ఆపేసి విప్పి చూశాను. స్టీరింగ్ తిప్పిన బలాన్ని వెనక ఇంజన్‌కి చేర్చే ఆయిల్ సగానికి దిగిపోయింది. ఇంజన్ దగ్గర పైపు నట్టు చెమర్చి ఉంది. ఆయిల్ పోయిన చోట గాలి చేరింది. తిప్పిన బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతోంది, ఇంజన్ దాకా వెళ్ళడం లేదు.

పోయిన వేసవిలో పైపు మార్చి ఆ నట్టు బిగించింది నేనే.

మా ఆవిడకి చెప్పాను. తనకి కాదు, ముందు నాన్నకి చెప్పమంది. భోజనం కానిచ్చి చెబుదామనుకున్నాను. మామయ్యగారు తినగానే నిద్రపోయారు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేదు నాకు.

మార్చి 7, శనివారం

చెప్పాను. మామయ్యగారు అంతా విన్నారు. తర్వాత, గాలి తీయాలంటే ఇద్దరుండాలి కదా, నేను రానా అని అడిగారు. తిట్టినా బాగుండేది.

ఆయన స్టీరింగ్ ఒక కొసకి తిప్పి పట్టుకోవడం, నేను వెనక నట్టు వదులు చేయడం, బుడగలు పోయాక బిగించడం. మళ్ళీ రెండో కొస. రెండు సీసాల ఆయిల్ పట్టింది. చివరికి బుడగ అన్నది లేదు. ఖాళీ పడవతో నేనే నాలుగు రౌండ్లు కొట్టాను. వేలితో తిప్పినా మాట వింటోంది.

తాళం ఆయన చేతిలో పెట్టాను. చొక్కా జేబులో వేసుకుని, జేబు తడిమి చూసుకున్నారు.

మార్చి 8, ఆదివారం

పొద్దున మామయ్యగారు నడిపారు. ప్యాసింజర్లు లేరు, మేమిద్దరమే. రేవు గోడకి గుద్దారు.

స్టీరింగ్ వంక చూడలేదు. తన చేతుల వంక చూసుకున్నారు.

ఇంకా కాస్త గాలి మిగిలినట్టుంది మామయ్యా, నేనే సరిగ్గా తీయలేదు అన్నాను.

రేపు మళ్ళీ ఇద్దరం కూర్చుని గాలి తీయాలి.