మబ్బు పట్టినా బయటికి రావద్దు

ఏవండీ,

జావ ఫ్లాస్కులో ఉంది, చల్లార్చుకుని కొంచెం కొంచెంగా మింగండి. కెమెరా గొట్టం గొంతులోంచి దింపి క్యాన్సర్ గడ్డ మీద లైటు వేశారు కదా, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ లైటు పనిచేయడానికి ఎక్కించిన మందు ఒళ్లంతా ఉందట, నెల్లాళ్లూ ఎండ పొడ తగలకూడదు. కర్టెన్లు తీయకండి. అలాగని చీకట్లోనూ కూర్చోకండి. నేను అతి జాగ్రత్తకి పోయి బల్బులన్నీ పీకేశానంటే నర్సమ్మ ఒకటే నవ్వు. మామూలు బల్బు వెలుగులో ఉంటేనే చర్మంలోంచి మందు మెల్లగా పోతుందట. మళ్లీ అన్నీ పెట్టేశాను.

నిన్న చినుకులు మొదలయ్యాయని పరిగెత్తుకెళ్లి తీగ మీద బట్టలు తీశారు. మబ్బు పట్టింది కదా, ఏమవుతుందిలే అనుకున్నారు. చేతులు చూసుకోండి, ఎలా కమిలిపోయాయో! బట్టలు తడిస్తే మళ్లీ ఆరతాయండీ. రాత్రి అరిచాను, ఇంకా కోపం పోలేదు. పూత మందు బల్ల మీద ఉంది, రాసుకోండి.

చీకటి పడ్డాక వస్తాను. ఈలోగా ఎవరొచ్చినా తలుపు మీరు తీయకండి, తాళంచెవి నా దగ్గరుంది.

అన్నట్టు, నా డ్యూటీ కోటు ఒక్క చుక్క తడవలేదు. ఇవాళ అదే వేసుకుని వెళ్తున్నాను.