స్కాట్లండ్ అతిథి విషయమై మనవి

షామీర్‌పేట సంగీత సంఘం అధ్యక్షురాలు పద్మలత గారికి నమస్కారం.

నేను మచ్చ బొల్లారంలో పిల్లలకు పియానో నేర్పుతాను. మొన్న ఆదివారం మేడ్చల్ ఫంక్షన్ హాల్లో నేను ఏర్పాటు చేసిన కచేరీలో జరిగిన పొరపాటు మీకు తెలియాలి.

స్కాట్లండ్ నుంచి వచ్చిన ఐలా గారు పియానో విద్వాంసురాలు. సొంతంగా స్వరాలు కడతారు. ఆ రోజు నీలం చీర కట్టుకొని వచ్చారు. ఆమెను చూసి హాలు యజమాని ఇస్తారి గారు పరేషాన్ అయ్యారు.

"స్కాట్లండోల్లంటే గళ్ల లంగా, సంచి బాజా ఉండాలె గద మేడం! జనం నన్ను తిడ్తరు," అన్నారు.

నేను వద్దంటున్నా వినకుండా, పెళ్లి బ్యాండులో బ్యాగ్‌పైపు ఊదే మన్నాన్ గారికి గళ్ల లంగా తొడిగి వేదిక ఎక్కించారు.

ఐలా గారు మూడేళ్లు కష్టపడి కట్టిన కృతి వాయించారు. మన్నాన్ గారు బాజా దించి వింటూ కళ్లు తుడుచుకున్నారు. పాపం, ఈ స్కాట్లండ్ ఆయనకు సొంతూరు గుర్తొచ్చిందనుకొని జనం ఆయనకే శాలువా కప్పారు.

"నాది మేడ్చలే సాబ్, స్కాట్లండ్ గాదు!" అని ఆయన మొత్తుకున్నారు.

"తెలుగు ఎంత మంచిగ మాట్లాడుతాండో సూడు!" అని జనం చప్పట్లు కొట్టారు.

వచ్చే నెల మీ సభకు కూడా స్కాట్లండ్ విద్వాంసుడిగా ఆయన్నే పిలిచారట. తప్పకుండా పిలవండి, ఆయన చాలా బాగా ఊదుతారు. ఐలా గారికి కూడా ఒక్క పావుగంట ఇప్పించండి. కావాలంటే మేడ్చల్ నుంచి వచ్చానని చెప్పుకోవడానికి ఆమె సిద్ధంగా ఉన్నారు.