కొలను అడుగున

అక్కా,

మా ఈతకొలను తేటపడిందే. సంతోషం పట్టలేక వెంటనే రాస్తున్నాను. బోరునీళ్లలో సున్నం ఎక్కువని తెలియక, నీళ్లు పాలలా మారినప్పుడల్లా నీ మరిది కూరలో ఉప్పేసినట్టు క్లోరిన్ గుమ్మరించేవారు. ఆయన చేతిలో డబ్బా లాక్కుని, సగం నీళ్లు తోడించి, సున్నం లేని నీళ్లు ట్యాంకరుతో పోయించాను. మిగిలిన సున్నం కరిగేలా, పరీక్ష చేసుకుంటూ కొద్దికొద్దిగా యాసిడ్ కలిపాను.

పొద్దున్న చూస్తే అడుగున పలకలన్నీ కనిపించాయి. వాటి మధ్య బావగారి కట్టుడుపళ్లు, సున్నం పట్టి ముత్యాల్లా ఉన్నాయి. మీరు మా ఇంటికొచ్చిన రోజు ఈదుతూ పగలబడి నవ్వారే, అప్పుడే జారిపోయుంటాయి. నువ్వేమో మా కుక్కే ఎత్తుకుపోయిందని అలిగి, మాటలు మానేశావు.

కడిగి దాచాను. ఆదివారం ఇద్దరూ రండి. నాకు సంజాయిషీ అక్కర్లేదు. కుక్క గేటు దగ్గరే ఉంటుంది, దానికి చెప్పుకో.

నీ చెల్లెలు